పాత సిస్టమ్‌కు మరికొన్నేళ్లు
(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





ఏటా ఈ వేదిక మీద స్కాలర్‌షిప్పుల గురించో, పదో తరగతి ఫలితాల గురించో మాట్లాడుతూ వచ్చాం. ఈసారి అధ్యక్షులవారు మమ్మల్ని ఒక కంప్యూటర్ గురించి మాట్లాడమన్నారు. మన ఆఫీసు వెనక గదిలో, కిటికీ పక్కన, నల్లగా బీరువా తమ్ముడిలా నిలబడి ఉంటుందే, ఆ సిస్టమ్ గురించి. నవ్వకండి, దీనికి కారణం ఉంది. పోయినేడు సావనీర్ ఆలస్యంగా వచ్చింది. ఇదే సభలో ఒక దాత లేచి, "ఏం సార్, కొత్తది నేను కొనిస్తానంటున్నా గదా, ఇంకా ఆ పాత డబ్బాను పట్టుకుని ఎందుకు వేలాడేది?" అని అడిగారు. ఆయన మంచి మనసుతో అడిగారు. మేము, "మాకు ఒక్క సంవత్సరం టైమివ్వండి భాయ్, వచ్చే సభలో లెక్కతో సహా జవాబు చెప్తాం" అన్నాం. అలా అని నెల తిరక్కముందే, ఫిబ్రవరిలో, ఆ డబ్బా పూర్తిగా ఆగిపోయింది. ఆ రోజు మా మొహాలు ఎలా ఉన్నాయో మీరే ఊహించుకోండి.

మేము అంటే ముగ్గురం. ముప్పయ్యేళ్లు బడిలో పాఠాలు చెప్పిన మేము, ఆపిల్ కీబోర్డుకు వేళ్లు అలవాటైన మన డీటీపీ ఆపా, పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదువుతున్న మన స్కాలర్‌షిప్ కుర్రాడొకడు. కంప్యూటర్ గురించి మేము చదువుకున్నది బీఈడీలో ఏమీ లేదు. చెప్పబోయేదంతా ఈ సంవత్సరం చేతులు కాల్చుకుని నేర్చుకున్నదే.

ముందు ఆ సిస్టమ్ ఏమిటో చెప్పాలి. అది హెచ్‌పీ జెడ్420 అనే వర్క్‌స్టేషన్. ఇంటికి కొనుక్కునే రకం కాదు. 2012లో వచ్చిన మోడల్. ఇంజనీర్లు, డిజైనర్లు పగలూ రాత్రీ పని చేయించుకోవడానికి తయారైన యంత్రం. బెంగళూరులో ఒక కంపెనీ తన పాత యంత్రాలను తీసేస్తుంటే, అక్కడ పని చేస్తున్న మన ఊరి అబ్బాయి ఒకటి అడిగి తీసుకుని, 2018లో బస్సు డిక్కీలో వేసుకుని వచ్చాడు. లోపల జియాన్ ఈ5-1620 ప్రాసెసర్, నాలుగు కోర్లు. ర్యామ్ మాత్రం ఎనిమిది జీబీనే. మన ఊళ్లో డబ్బా మొత్తాన్ని సీపీయూ అంటాం. నిజానికి సీపీయూ అంటే లోపలున్న ఆ అగ్గిపెట్టెంత చిప్పు ఒక్కటే. పిల్లలకు ఇది చెప్పినప్పుడల్లా ఎంతో ఆశ్చర్యపోతారు.

ఆ సిస్టమ్ చేసే పని మూడు రకాలు. ఈ సావనీర్ పేజీలు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో దాంట్లోనే తయారవుతాయి. స్కాలర్‌షిప్ పిల్లల జాబితాలు, ఉత్తరాలు, సర్టిఫికెట్లు దాంట్లోనే. మూడోది అన్నిటికంటే ముఖ్యం: ఉర్దూ మీడియం పదో తరగతి పిల్లలకు మనం ఏటా ఉచితంగా పంచే ప్రశ్నల పుస్తకాలు. తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియం పిల్లలకు బజారులో గైడ్లు కుప్పలుగా దొరుకుతాయి. ఉర్దూ మీడియం పిల్లవాడికి లెక్కలకు, సైన్సుకు ఏం దొరుకుతుంది? మనం వేసిందే దొరుకుతుంది. అవి ఇన్‌పేజ్‌లో కంపోజ్ అవుతాయి.

ఇక్కడ ఒక్కమాట. ఉర్దూ నస్తాలీఖ్ అక్షరం వాలుగా, ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ నడుస్తుంది. దాన్ని సీసపు అచ్చుల్లో పోయడం చాలా కష్టమైంది. అందుకే ఉర్దూ పత్రికలు చాలాకాలం కాతిబులు చేత్తో రాస్తేనే అచ్చయ్యాయి. 1927లో మొదలైన చెన్నై 'ముసల్మాన్' పత్రికను ఈ కాలంలోనూ చేత్తోనే రాస్తూ వచ్చారు. 1981లో మీర్జా అహ్మద్ జమీల్ గారు వేలకొద్దీ అక్షరాల కూర్పులు గీసి ఇస్తే నూరీ నస్తాలీఖ్ అనే ఫాంటు పుట్టింది. ఆ ఫాంటుతో 1994లో ఢిల్లీ నుంచి ఇన్‌పేజ్ వచ్చింది. మన పిల్లల చేతికి ఉర్దూ ప్రశ్నల పుస్తకం అందే దారి అలా తెరుచుకుంది. కాబట్టి ఆ వెనక గది సిస్టమ్ ఫిబ్రవరిలో ఆగిపోవడమంటే, మార్చి పరీక్షలకు వెళ్లే పిల్లల పుస్తకం సగంలో ఆగిపోవడమే. పన్నెండు పేజీలు మిగిలున్నాయి.

ఆగిపోవడం ఎలాగంటే, ఆన్ చేస్తే వస్తుంది, ఇరవై నిమిషాలు పనిచేస్తుంది, టక్కున ఆరిపోతుంది. ముందుభాగంలో ఎర్ర దీపం మినుకుమినుకుమంటుంది. రిపేరుకు చూపిస్తే, చూసినతను మూత కూడా తీయకుండా "బోర్డు పోయింది సార్, దీని పార్టులు రావు, కొత్తది తీసుకోండి" అన్నాడు. కొత్త వర్క్‌స్టేషన్‌కు కొటేషన్ రాయించుకుంటే లక్ష దాటింది. ఒప్పుకుంటాం, ఆ రాత్రి మేము కూడా దాతగారికి ఫోన్ చేద్దామనే అనుకున్నాం.

ఆపింది డిప్లొమా కుర్రాడు. "సార్, ఆ దీపం ఊరికే మినకడం లేదు. ఎన్నిసార్లు మినుకుతోందో లెక్కపెట్టండి" అన్నాడు. రెండుసార్లు మినికి, ఆగి, మళ్లీ రెండుసార్లు మినుకుతోంది. ఈ రకం యంత్రాల్లో కంపెనీ వాళ్లే ఆ భాష పెట్టారు. రెండుసార్లు మినికితే ప్రాసెసర్ వేడెక్కి తనను తాను కాపాడుకోవడానికి ఆరిపోయిందని అర్థం. నాలుగుసార్లయితే పవర్ సమస్య. ఐదయితే ర్యామ్. ఆరయితే గ్రాఫిక్స్ కార్డు. రోగి తన జబ్బు తానే చెబుతుంటే మేము వినకుండా శవపేటికకు కొలతలు తీస్తున్నాం!

మూత తీశాం. లోపల అనంతపురం ఉంది. నిజంగానే. ప్రాసెసర్ మీద అల్యూమినియం రేకుల్లాంటి హీట్‌సింక్ ఉంటుంది, దాని మీద ఫ్యాను. ఫ్యానుకూ రేకులకూ మధ్య మన ఎర్రమట్టి దుమ్ము, నూలు కలిసి కంబళిలా పేరుకుపోయింది. ఏడేళ్ల గాలి అది. వర్షం సరిగ్గా పడని నేల, ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటే వేడి, తెరిచి ఉన్న కిటికీ. పొరపాటు యంత్రానిది కాదు, ఏడేళ్లలో ఒక్కసారి మూత తీయని మాది.

పక్కన పంక్చర్ షాపులో గాలి కొట్టిద్దామనుకున్నాం. కుర్రాడు వద్దన్నాడు. ఆ ట్యాంకులో నీళ్లు చేరి ఉంటాయట, గాలితోపాటు తుంపర పడితే బోర్డుకు ముప్పు. బ్లోయర్ తెచ్చాం. ఫ్యాను రెక్కలను వేలితో పట్టుకుని మరీ కొట్టాం, గాలికి అది అతివేగంగా తిరిగితే బేరింగ్ పాడవుతుంది. హీట్‌సింక్ ఊడదీసి, కింద ఎండి బూడిదలా మారిన పాత పేస్టు తుడిచి, బఠానీ గింజంత కొత్త థర్మల్ పేస్టు పెట్టాం. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి మూడు వోల్టుల సీఆర్2032 సెల్లు మార్చాం, తేదీ ప్రతిసారీ వెనక్కి పోవడం ఆగింది. మూడు వందలకు పైగా ఖర్చయింది, అంతే. ఆ సాయంత్రం ఆన్ చేసిన సిస్టమ్ తెల్లవారేదాకా ఆరలేదు. పన్నెండు పేజీలూ పూర్తయ్యాయి. పుస్తకం పిల్లలకు పరీక్షకు మూడు వారాల ముందు చేరింది.

కొత్తది కొనకపోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాదని చెప్పాలి. మన పాత ఫైళ్లు 2004 నుంచి ఉన్నాయి. అన్నీ పాత అను అక్షరాల్లో, పాత ఇన్‌పేజ్‌లో ఉన్నాయి. మన దగ్గరున్న వెర్షన్లకు లాక్ ఉంటుంది, వెనకాల పెట్టే చిన్న పుల్లలాంటిది. ఆ లాక్, దాని డ్రైవరు పాత విండోస్‌లోనే మాట వింటాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. దాన్ని తయారుచేసిన అడోబీ ఎప్పుడో వదిలేసింది. లక్ష పెట్టి కొన్న కొత్త యంత్రం ఈ ఫైళ్లు తెరుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. అంటే కొత్త ఇల్లు కొని, పాత ఇంటి బీరువా తాళం పోగొట్టుకున్నట్టు.

ధర్మవరం మగ్గాలు చూసినవాళ్లకు మా మాట బాగా అర్థమవుతుంది. పట్టుచీర అంచుకు డిజైన్ ఎత్తడానికి మగ్గం పైన జకార్డు పెట్టె ఉంటుంది, రంధ్రాలు చేసిన అట్టల దండ ఒకటొకటిగా తిరుగుతూ ఏ పోగు లేవాలో చెబుతుంది. ఫ్రాన్సులో జకార్డ్ అనే ఆయన 1804 ప్రాంతంలో దాన్ని తయారుచేశాడు. కంప్యూటర్‌కు రంధ్రాల కార్డుల ఆలోచన కూడా అక్కడినుంచే వచ్చింది. జకార్డు వచ్చినప్పుడు నేతగాడు మగ్గాన్ని పొయ్యిలో పెట్టలేదు. ఉన్న మగ్గం మీదే పెట్టె బిగించుకున్నాడు. రైతు కూడా బోరు మోటారు కాలితే వైండింగ్ చేయిస్తాడు గానీ కొత్త మోటారు కొనడు. ఇది పిసినారితనం కాదు, ఏ భాగం పోయిందో చూసి ఆ భాగం మార్చడం.

సరే, యంత్రం బతికింది. ఇప్పుడు దాన్ని ఇంకొన్నేళ్లు పనికొచ్చేలా చేయాలి. ఇక్కడ మేము చేసిన మంచీ, చేసిన తప్పూ రెండూ చెప్తాం. డబ్బు మీది, మా దగ్గరున్నది అమానత్.

మొదట హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టాం. ఆన్ చేసి టీ తాగి వచ్చేంత సేపు పట్టేది, ఇప్పుడు నిమిషం లోపు వస్తుంది. పెట్టిన ప్రతి రూపాయికీ ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. పాత సిస్టమ్ ఉన్నవాళ్లు ఇంకేమీ చేయకపోయినా ఇదొక్కటి చేయండి. అయితే కొనేముందు కొలత చూసుకోవాలి. ఇప్పుడు బజారులో ఎన్‌వీఎంఈ అనే సన్నని పట్టీలాంటివి ఎక్కువ అమ్ముతున్నారు. ఈ వయసు యంత్రం వాటి నుంచి మామూలుగా బూట్ కాదు. పాత సాటా రకమే కొనాలి. అదికూడా ఆరు గిగాబిట్ల వేగమున్న సాకెట్‌కే తగిలించాలి, పక్కనున్న మూడు గిగాబిట్ల దానికి తగిలిస్తే సగం వేగం నేలపాలు.

తర్వాత ర్యామ్. ఇక్కడే బోల్తాపడ్డాం. సెకండ్‌హ్యాండ్‌లో సర్వర్ ర్యామ్ చాలా చవగ్గా వస్తోందని తెలిసి, ఈసీసీ అని రాసుంది చాలుగదా అని నాలుగు తెప్పించాం. పెట్టగానే ఎర్ర దీపం, ఐదుసార్లు మినకడం. ఈసీసీలో రెండు రకాలట. రిజిస్టర్డ్ ఒకటి, అన్‌బఫర్డ్ ఒకటి. మన యంత్రం అడిగేది అన్‌బఫర్డ్ ఈసీసీ. చూడ్డానికి రెండూ కవలల్లా ఉంటాయి. అమ్మినవాళ్లు వెనక్కి తీసుకోలేదు, వాళ్లను అనడానికీ లేదు, అడగకుండా కొన్నది మేమే. ఆ పదిహేను వందలు సొసైటీ లెక్కలో రాయలేదు, మేం ముగ్గురం పంచుకున్నాం, కుర్రాడి వాటా మేము పెట్టాం. తర్వాత సరైనవి ఎనిమిది జీబీవి నాలుగు తెప్పించాం. ఈ ప్రాసెసర్‌కు ర్యామ్‌తో మాట్లాడే దారులు నాలుగు, అందుకే ఒకే రకానివి నాలుగు పెట్టాలి. మొత్తం ముప్పై రెండు జీబీ.

ఈసీసీ అంటే ఏమిటో పిల్లల కోసం చెప్తాం. మేము క్లాసులో మార్కులు కూడి, మళ్లీ ఒకసారి సరిచూసుకుంటాం గదా. ఈ ర్యామ్ కూడా తన లెక్కలో ఒక్క బిట్టు అటుఇటైతే తానే పట్టుకుని దిద్దుకుంటుంది. స్కాలర్‌షిప్ జాబితాలు ఉండే యంత్రంలో అది ఉండటం మంచిదే.

ఆ తర్వాత ప్రాసెసర్. ఇది కుర్రాడి సరదా, దాచడమెందుకు. అదే తరానికి చెందిన ఆరు కోర్ల ఈ5-1650 సెకండ్‌హ్యాండ్‌లో పదహారు వందలకే వచ్చింది. దానికంటే కొత్తవైన వీ2 రకం కూడా ఈ మోడల్‌లో పనిచేస్తాయని చదివి ఆశపడ్డాడు. కానీ 2013లో మారిన బూట్ బ్లాక్ ఉన్న బోర్డులకే అవి పనికొస్తాయి. మనది 2011 తేదీ ఉన్నది. బయోస్‌లోకి వెళ్లి చూస్తే ఆ తేదీ కనబడుతుంది. బయోస్ అప్‌డేట్ చేసినా అది మారదు. ముందే చూసుకున్నాం కాబట్టి రెండోసారి మోసపోలేదు. మరి ఆరు కోర్లు పెట్టినందుకు పేజ్‌మేకర్ వేగం పెరిగిందా అంటే, లేదు. 2001 నాటి ప్రోగ్రాముకు ఒక కోరే ఎక్కువ. వేరే పనికి ఉపయోగపడింది, అది తర్వాత చెప్తాం. గ్రాఫిక్స్ కార్డు ముట్టుకోలేదు, మన పనికి ఉన్నదే చాలు.

పవర్ సప్లై విషయంలో మాత్రం జాగ్రత్త. ఇలాంటి బ్రాండ్ వర్క్‌స్టేషన్లలో పిన్నుల అమరిక వేరు. బజారులో దొరికే మామూలు సప్లై నేరుగా సరిపోదు. అందుకే బెంగళూరు ఎస్పీ రోడ్డు నుంచి, పనిచేయని అదే మోడల్ డబ్బా ఒకటి తూకం ధరకు తెప్పించి పెట్టుకోవాలని చూస్తున్నాం. సప్లై, ఫ్యాన్లు, వైర్లు అన్నీ విడిభాగాలవుతాయి. ఊళ్లో ట్రాక్టరు ఉన్నవాళ్లు చేసే పనే ఇది.

ఇప్పుడు ఎర్తింగ్. మీలో చాలామందికి ఇది మీ ఇంటికి, దుకాణానికి కూడా పనికొస్తుంది. సిస్టమ్ డబ్బా ముట్టుకుంటే అప్పుడప్పుడు జివ్వుమనేది. ఎలక్ట్రీషియన్ వచ్చి న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య మీటరు పెడితే పదకొండు వోల్టులు చూపించింది. మూడు లోపు ఉంటే మంచిదట. ఎర్త్ గుంత తవ్వి చూస్తే లోపల మట్టి అప్పడంలా ఎండిపోయి ఉంది. ఎర్తింగ్ పనిచేయాలంటే నేలలో తేమ ఉండాలి. మన నేలలో అదే గదా లేనిది! గుంతలో బొగ్గు, ఉప్పు మళ్లీ పొరలుగా వేయించి, నీళ్లు పోయడానికి పైపు పెట్టించాం. మరి ఎండాకాలంలో తాగడానికే ట్యాంకరు కోసం చూసే చోట, గుంతలో పోయడానికి నీళ్లెక్కడివి? పక్కన వుజూ చేసే కొళాయిల నీళ్లు వేపచెట్టుకు పోతున్నాయి. ఆ కాలవకే చిన్న పాయ తీసి గుంతకు మళ్లించాం. చెట్టుకు అన్యాయం జరగలేదు. ఇప్పుడు మీటరు రెండు చూపిస్తోంది. కరెంటు పోయి వచ్చే ఊరు కాబట్టి యూపీఎస్ బ్యాటరీలు కూడా మార్చాం.

ఇంకో పెద్ద చిక్కు విండోస్. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 ఈ వయసు ప్రాసెసర్‌ను ఒప్పుకోదు. చాలా ఆఫీసుల్లో బాగా పనిచేసే యంత్రాలను ఈ ఒక్క కారణంతో బయటపడేస్తున్నారు. మేము ఇలా చేశాం. పాత పనికి పాత డిస్కు: దాంట్లో యంత్రం మీద స్టిక్కరున్న విండోస్ 7, అను, పేజ్‌మేకర్, ఇన్‌పేజ్. దానికి ఇంటర్నెట్ వైరు తగిలించం, ఎవరి పెన్‌డ్రైవూ నేరుగా పెట్టనివ్వం. కొత్త పనికి కొత్త డిస్కు: దాంట్లో లినక్స్ మింట్, డబ్బు కట్టక్కర్లేదు, ఇప్పుడున్న వెర్షన్‌కు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఈమెయిల్, దరఖాస్తులు, లిబ్రెఆఫీస్‌లో ఉత్తరాలు అన్నీ దాంట్లో. ఆపా మొదట వారం రోజులు మాతో మాట్లాడలేదు. ఇప్పుడు ఆమే పిల్లలకు నేర్పిస్తోంది. ఇది మేమేదో కొత్తగా కనిపెట్టింది కాదు. కేరళ సర్కారు బడుల్లో ఏళ్లుగా ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ మీదే పిల్లలు చదువుతున్నారు. మన హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవారు లినక్స్‌ను తెలుగులోకి తెచ్చే పని ఎన్నాళ్లనుంచో చేస్తున్నారు.

ఇక అసలు విషయానికి వస్తాం. మేము ఇంత తంటాలు పడింది యంత్రం మీద ప్రేమతో కాదు.

పోయిన జూన్‌లో ఒకమ్మాయి వచ్చింది. 2009లో మన స్కాలర్‌షిప్‌తో నర్సింగ్ చదివింది. ఎక్కడో ఉద్యోగానికి పాత ఆర్థిక సాయం వివరాలతో ఉత్తరం కావాలంది. మన ఫైళ్లలో ఆ అమ్మాయి పేరు ఉంది. కానీ వెతికితే దొరకదు. ఎందుకంటే అను అక్షరాలు మనకు కనబడేవి తెలుగే గానీ, కంప్యూటర్ లోపల అవి తెలుగు కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను, తలకట్టు ఒకచోట, వత్తు ఒకచోట కూర్చిన బొమ్మలు. ఆ ఫాంటు తీసేస్తే పేజీ అంతా పిచ్చి గీతలే. చివరికి పాత సావనీర్లు కిందికి దించి, దుమ్ము దులిపి, ఒక్కొక్క పేజీ తిరగేసి ఆ అమ్మాయి పేరు పట్టుకున్నాం. ఆమె సాయంత్రం దాకా ఆ బెంచీ మీదే కూర్చుంది.

ఆ రోజు మాకు అర్థమైంది. ఈ సిస్టమ్, ఆ లాక్ పోయిననాడు ఇరవై ఏళ్ల మన సొసైటీ కాగితాలన్నీ పిచ్చి గీతలే. యంత్రానికి ఆయుష్షు పెంచింది, ఈలోపు ఆ ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చుకోవడానికే. యూనికోడ్‌లో తెలుగు 1991లో మొదటి వెర్షన్ నుంచే ఉంది. దాంట్లో రాసింది ఫోన్‌లోనైనా, ఏ కంప్యూటర్‌లోనైనా, ఏ ఫాంటుతోనైనా తెలుగే. వెతికితే దొరుకుతుంది. అక్షరాలు బాగుండవని ఆపా మొదట భయపడింది. సిలికానాంధ్ర, రాష్ట్ర ప్రభుత్వం కలిసి విడుదల చేసిన ఉచిత ఫాంట్లు, రామభద్ర, మండలి, సూరన్న, శ్రీకృష్ణదేవరాయ లాంటివి, చూశాక శాంతించింది. ఉర్దూకు గూగుల్ ఇచ్చిన నోటో నస్తాలీఖ్ ఉంది, నూరీ అందం రాదు గానీ చదవడానికి ఇబ్బంది లేదు.

మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి, నిమిషంలో మారుస్తాయి, నమ్మకూడదు. క్ష విరిగిపోతుంది, ర వత్తు పక్క అక్షరానికి పోతుంది. మన పేర్లతో మరీ ఇబ్బంది. ఖాజా అని ఒకచోట, ఖ్వాజా అని ఒకచోట, ఒకే పిల్లవాడికి రెండు పేర్లు. సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరం తేడా వస్తే ఆ పిల్లవాడు ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరగాలో మీకు తెలుసు. అందుకే ఆదివారాలు పదో తరగతి దాటిన పిల్లలు ఇద్దరిద్దరుగా కూర్చుని, ఒకరు అచ్చు పుస్తకం చదువుతుంటే ఒకరు తెర మీద దిద్దుతున్నారు. 2004కు ముందు సావనీర్లకు ఫైళ్లే లేవు, కాగితాలే. వాటిని స్కాన్ చేసి టెసరాక్ట్ అనే ఉచిత ప్రోగ్రాముతో అక్షరాలుగా మారుస్తున్నాం. రాత్రి పెట్టి వెళితే పొద్దునకు పుస్తకమంతా అయిపోతుంది. ఇందాక చెప్పిన ఆరు కోర్లు పనికొచ్చింది ఇక్కడే, కుర్రాడి మాట నిలబడింది. తెలుగును బాగానే పట్టుకుంటుంది. నస్తాలీఖ్ ముందు మాత్రం తడబడుతుంది, ఆ పని మళ్లీ చేత్తో టైపు చేయడమే.

ఇప్పటికి 2016 నుంచి ఇటు జాబితాలన్నీ అయ్యాయి. వెనకటివి ఇంకా ఉన్నాయి. అయినవి మూడు కాపీలు పెట్టాం. ఒకటి సిస్టమ్‌లో, ఒకటి విడి హార్డ్ డిస్కులో, ఒకటి సెక్రటరీగారి ఇంట్లో. ఒకే గదిలో మూడు పెడితే మూడు కాదు, ఒకటే.

లెక్క వినండి. ఎస్ఎస్‌డీ 2,650. ర్యామ్ 4,400. ప్రాసెసర్ 1,600. పేస్టు, సెల్లు, బ్రష్షులు 420. ఎర్తింగ్ 2,300. యూపీఎస్ బ్యాటరీలు 2,100. విడి హార్డ్ డిస్కు 4,300. మొత్తం 17,770 రూపాయలు. ఇదంతా సాధారణ విరాళాల ఖాతా నుంచే. జకాత్ ఖాతాలో ఒక్క రూపాయి ముట్టలేదు, అది పిల్లలది. బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు.

ఈ యంత్రం ఎల్లకాలం ఉంటుందని మేము చెప్పడం లేదు. కరెంటు కొత్తవాటికంటే ఎక్కువ తింటుంది. మదర్‌బోర్డు పోతే ఇక దాని మీద పైసా పెట్టం, ఇది కమిటీ తీర్మానంలో రాసుకున్నాం. అప్పుడు దాన్ని తూకానికి వేయం. తీగలు కాల్చి రాగి తీసేవాళ్ల పక్కన మన పిల్లలే ఆడుకుంటారు. ప్రపంచంలో 2022లో 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పుడితే, లెక్క ప్రకారం సరైన చోటికి చేరింది నాలుగో వంతు కూడా లేదని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెబుతోంది. మన దేశంలో 2023 ఏప్రిల్ నుంచి కొత్త ఈ-వేస్ట్ నిబంధనలు అమలులో ఉన్నాయి. రిజిస్టరైన రీసైక్లర్‌కే ఇస్తాం.

కొత్తది కొనిస్తానన్న మన భాయ్‌కి ఇప్పుడు మా జవాబు. మీ మాట మాకు అక్కరలేదని కాదు. ఆ డబ్బులో కొంత, ఆదివారం ఫైళ్లు దిద్దే పిల్లలకు దారిఖర్చులు, భోజనం కింద ఇప్పించండి. ఉర్దూ టైపు తెలిసిన ఒక మనిషికి ఆరు నెలల గౌరవవేతనం ఇప్పించండి. ఆ పని పూర్తయ్యాక కొత్త సిస్టమ్ తప్పకుండా తీసుకుంటాం, అప్పటికి దాంట్లో పెట్టడానికి తెరుచుకునే ఫైళ్లు మన దగ్గర ఉంటాయి.

మీ ఆఫీసుల్లో పాతవి తీసేసేవాళ్లు ఉంటే ఒక్క విన్నపం. ఇచ్చేముందు మీ వివరాలు డిస్కులోంచి పూర్తిగా తుడిచి ఇవ్వండి. ర్యామ్ పీకేసి ఖాళీ డబ్బా ఇవ్వకండి, పోయినేడు అలాంటివి నాలుగు వచ్చాయి. మోడల్ పేరు, సంవత్సరం ఒక చీటీ మీద రాసి అంటించండి. చెడిపోయినదైతే చెడిపోయిందనే రాయండి, విడిభాగాలకు తీసుకుంటాం.

సిస్టమ్ పక్కన గోడకు ఒక నోటుబుక్కు వేలాడదీశాం. మూత తీసి దుమ్ము దులిపిన తేదీ, ఎర్త్ మీటరు చూసిన తేదీ, దిద్దిన ఫైళ్ల సంఖ్య రాస్తున్నాం. మూడు నెలలకొకసారి దులపాలి, వచ్చేది మార్చి మొదటి ఆదివారం. ఆ రోజు ఉదయం పదింటికి వచ్చినవాళ్లకు చాయ్ మా తరఫున. బ్రష్షులు రెండే ఉన్నాయి, ఇంట్లో పాత మెత్తని బ్రష్షు ఉంటే తెచ్చుకోండి.

ఖుదా హాఫిజ్.